‘పు. చుడాలి’: 212 ఫుట్‌నోట్లతో నా నాలుగు నెలలు

మా గైడ్ మేడమ్ నా రెండో అధ్యాయం తిరిగి ఇచ్చినప్పుడు ఎర్ర గీతలు ఉంటాయని భయపడ్డాను. ఒక్కటీ లేదు. కొన్ని వాక్యాల పక్కన పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి, ఒక్కోదాని దగ్గర ఒకే ప్రశ్న రాశారు: "ఎవరన్నారు?" ముప్పై రెండు పేజీల్లో అలాంటివి పంతొమ్మిది ఉన్నాయి. నా వాక్యాలు తప్పని ఆవిడ అనలేదు, బాగోలేవనీ అనలేదు, ఆ మాట నాకు ఎవరు చెప్పారో చెప్పమన్నారంతే, అదే నేను చెప్పలేకపోయాను.

ఎం.ఏ. హిస్టరీ చివరి సెమిస్టర్ డిసర్టేషన్ ఇది. అంశం చీరాల-పేరాల ఉద్యమం, అప్పటి తెలుగు పత్రికలు. మాది ఆ పక్కే కాబట్టి చిన్నప్పటి నుంచి వింటున్న కథే: మద్రాసు ప్రభుత్వం 1919లో రెండు ఊళ్లనూ కలిపి మున్సిపాలిటీ చేయడం, పన్నులు మోయలేమని జనం గోల పెట్టడం, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు అనే తన వాలంటీర్ల దళంతో దిగడం, 1921లో ఊరికి ఊరే ఇళ్లు వదిలేసి పొలిమేర అవతల రామనగర్ అని పాకలు వేసుకుని ఉండిపోవడం. తెలిసిన కథ రాయడం తేలికే అనుకున్నాను. తెలిసిన కథకు ఫుట్‌నోట్లు వేయడం ఎంత కష్టమో ఆ పంతొమ్మిది సున్నాలు చూశాక తెలిసింది, ఎందుకంటే తెలిసిన కథ ఎక్కడ తెలిసిందో ఎవరికీ గుర్తుండదు.

ఆ సున్నాల్లో మొదటిది ఈ వాక్యానికి: "మున్సిపాలిటీ రావడంతో పన్ను నాలుగు వేల రూపాయల నుంచి నలభై వేలకు పెరిగింది." ఈ అంకె మా వైపు ఎవరినడిగినా చెబుతారు. నేను చదివిన ఒక పుస్తకంలో ఉంది కదా అని మళ్లీ తీసి చూస్తే అక్కడ ఫుట్‌నోటే లేదు. ఇంకో పుస్తకంలో ఫుట్‌నోట్ ఉంది, అది మూడో పుస్తకాన్ని చూపించింది. మూడోది లైబ్రరీలో దొరకడానికి వారం పట్టింది, తీరా తెరిస్తే అందులోనూ ఆ అంకె ఊరికే ఉంది, కింద ఏమీ లేదు. మేడమ్‌కి చెప్పాను. "అయితే నువ్వు చూసింది నువ్వు చెప్పు, చూడనిది చూసినట్టు చెప్పకు" అన్నారు. చివరికి వాక్యాన్ని "పెరిగిందని చెబుతారు" అని మార్చి, ఫుట్‌నోట్‌లో నేను చేత్తో పట్టుకున్న పుస్తకం పేరూ పుటా వేసి, దాని పక్కన "ఈ అంకెకు ఆ గ్రంథంలో ఆధారం చూపలేదు" అని రాశాను. ఆ ఒక్క ఫుట్‌నోట్ రాయడానికి పన్నెండు రోజులు పట్టింది, మొత్తం డిసర్టేషన్‌లో నాకు బాగా నచ్చింది కూడా అదే.

ఇక ఫార్మాట్ సంగతి. మా డిపార్ట్‌మెంట్ వాళ్లు చికాగో స్టైల్ అన్నారు, అంటే యూనివర్సిటీ ఆఫ్ చికాగో ప్రెస్ వాళ్ల మాన్యువల్ చెప్పే పద్ధతి, అందులోనూ ఫుట్‌నోట్ల పద్ధతి. చికాగోలో రెండున్నాయి, కింద నోట్లు వేసి చివర గ్రంథసూచి పెట్టేది ఒకటి, వాక్యంలోనే బ్రాకెట్లో రచయిత పేరూ సంవత్సరమూ పెట్టేది ఇంకొకటి. చరిత్ర వాళ్లు ఎక్కువగా మొదటిదే వాడతారు, ఎందుకంటే జీవోలు, పాత దినపత్రికలు, ఉత్తరాలు ఇలాంటివన్నీ బ్రాకెట్లో పట్టవు. మొదటిసారి ఒక పుస్తకాన్ని చూపించినప్పుడు పూర్తి వివరం ఇవ్వాలి: రచయిత, పుస్తకం పేరు, బ్రాకెట్లో ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం, ఆ తర్వాత పుట. రెండోసారి నుంచి ఇంటిపేరు, పొట్టి శీర్షిక, పుట చాలు. వివరాల మధ్య కామాలు. చివర గ్రంథసూచిలో అవే వివరాలు, కానీ అక్కడ కామాలు పోయి చుక్కలు వస్తాయి, బ్రాకెట్లు పోతాయి, ఇంటిపేరు ముందుకొస్తుంది. ఇంతే. పదిహేను నిమిషాల్లో అర్థమైపోతుంది. ఆ మాన్యువల్ 1906 నుంచి వస్తోంది, 2024లో పద్దెనిమిదో ఎడిషన్ వచ్చింది, అందులో పుస్తకాలకు ప్రచురించిన ఊరి పేరు అక్కర్లేదన్నారు కూడా. మేడమ్ ఒప్పుకోలేదు. "తెలుగు పుస్తకానికి ఊరు తీసేస్తే ఇంకేం మిగులుతుందమ్మా" అన్నారు, పాత పుస్తకాలు చూడటం మొదలెట్టాక ఆ మాట నిజమేననిపించింది. ప్రచురణకర్త ఉండడు, "గ్రంథకర్తచే ప్రకటితము" అని ఉంటుంది, ఒక ప్రెస్సు పేరు ఉంటుంది, ఊరు మాత్రం తప్పకుండా ఉంటుంది. బెజవాడ అని ఉంటే విజయవాడ అని మార్చొద్దనీ, పుస్తకం మీద ఏముంటే అదే వేయమనీ కూడా అప్పుడే చెప్పారు. నేను అప్పటికే చెన్నపురులన్నీ చెన్నైలు చేసేసి ఉన్నాను, 1920లలో చెన్నైలో అచ్చయిన తెలుగు పుస్తకాలు మొత్తం తొమ్మిది!

చికాగో వాళ్లు చెప్పనివి చాలా ఉన్నాయి, వాళ్లకు ఆ అవసరం రాలేదు కాబట్టి చెప్పలేదు. ముందుగా పేర్లు.

ఇంగ్లీషులో పేరు ముందు, ఇంటిపేరు వెనక. అందుకే గ్రంథసూచిలో తిరగేసి మధ్యలో కామా పెడతారు. మన పేరు పుట్టినప్పుడే తిరగేసి ఉంటుంది. పుస్తకాల వివరాలు దాచుకుని ఫుట్‌నోట్లు తయారుచేసిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వాడాను, ఉచితం కాబట్టి. అందులో రచయిత పేరుకు రెండు గళ్లుంటాయి, ఒకటి ఇంటిపేరుకి, ఒకటి పేరుకి. బుద్ధిగా దుగ్గిరాల ఒక గడిలో, గోపాలకృష్ణయ్య ఇంకో గడిలో వేశాను. ఫుట్‌నోట్‌లో "గోపాలకృష్ణయ్య దుగ్గిరాల" అని వచ్చింది, ఎవరో డల్లాస్‌లో స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పేరులా. గ్రంథసూచిలో "దుగ్గిరాల, గోపాలకృష్ణయ్య" అని మధ్యలో అక్కర్లేని కామాతో. ఆ రెండు గళ్ల పక్కన చిన్న గుర్తు ఒకటుంది, దాన్ని నొక్కితే రెండూ కలిసి ఒకే గడి అవుతుంది, పేరు మనం ఎలా రాస్తే అలాగే వస్తుంది. ఇది కనుక్కునే లోపు నలభై పేర్లు చేత్తో దిద్దాను, ప్రతిసారీ జొటెరో రిఫ్రెష్ అయినప్పుడల్లా అవి మళ్లీ తిరగబడేవి.

దీనికంటే పెద్ద తలనొప్పి ఒకే మనిషి రెండు భాషల్లో ఉండటం. ఆంధ్రలో స్వాతంత్ర్యోద్యమం మీద నాలుగు సంపుటాలకు సంపాదకుడు మామిడిపూడి వెంకటరంగయ్య, నాకు కావలసిన 1921-1931 భాగం మూడో సంపుటిలో ఉంది. ఆ ఇంగ్లీషు సంపుటాల్లో ఆయన ఎం. వెంకటరంగయ్య. అంటే ఇంగ్లీషు లెక్కన ఆయన్ని ‘వె’ దగ్గర వెతకాలి, తెలుగు లెక్కన ‘మా’ దగ్గర. చరిత్రకారిణి సరోజినీ రేగాని గారిదీ అదే కథ, ఇంగ్లీషు పుస్తకం మీద ఇంటిపేరు చివర, తెలుగులో రాసేటప్పుడు మనవాళ్లు రేగాని సరోజిని అని కూడా అంటారు. నా మొదటి డ్రాఫ్టులో ఇద్దరూ నలుగురయ్యారు. మేడమ్ తీర్పు ఏమిటంటే, పుస్తకం మొదటి పేజీ మీద పేరు ఎలా ఉంటే ఫుట్‌నోట్‌లో అలాగే, గ్రంథసూచిలో మాత్రం ఒక చోట వివరమంతా ఇచ్చి రెండో చోట "చూ." అని మొదటిదాన్ని చూపించాలి. ఈ నియమం ఏ మాన్యువల్లోనూ నాకు కనబడలేదు, ఆవిడ ఇరవై ఏళ్ల బోధనలో తయారైందనుకుంటా.

తర్వాత ‘సం.’. దీని గురించి ఎవరూ ముందుగా హెచ్చరించకపోవడం అన్యాయం.

నేను నోట్స్ రాసుకున్నప్పుడు పొదుపుగా ఉంటుందని అన్నిటికీ పొట్టి గుర్తులు వాడాను. పుటకి పు., చూడండికి చూ., ఇంకా సం. నెల తర్వాత నోట్‌బుక్ తెరిస్తే ఒక పత్రిక వ్యాసం కింద నా సొంత చేతిరాతతో ఇలా ఉంది: "సం. 2, సం. 5, సం. 1925, సం. తెలీదు." సంపుటి, సంచిక, సంవత్సరం, సంపాదకుడు. నాలుగూ ‘సం’తోనే మొదలవుతాయి! ఆ నాలుగింటి వరుస ఒకే తీరుగా ఉన్నా సరిపెట్టుకునేదాన్ని, కొన్నిచోట్ల సంచిక ముందు రాశాను, కొన్నిచోట్ల సంపుటి. "సం. 3, సం. 3" అని ఉన్నదొక్కటే ఏ గొడవా లేకుండా బయటపడింది. మిగతావాటి కోసం మళ్లీ స్కాన్లన్నీ తెరవాల్సి వచ్చింది. ఇంతటితో ఆగానా, టైపు చేసిన ఫైల్లో ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టి ‘సం.’ ఉన్న చోటల్లా ‘సంపుటి’ అని మార్చేశాను, ఒక రోజంతా "సంపుటి 1921లో జరిగిన" అని చదువుకుంటూ తిరిగాను. చివరికి పెట్టుకున్న పద్ధతి: సంపుటి, సంచిక పూర్తిగా రాయడం, సంపాదకుడికి సంపా., సంవత్సరానికి అసలు ఏ గుర్తూ పెట్టకుండా అంకె ఒక్కటే. పుట కూడా అంతే, నా డ్రాఫ్టులో పు., పే., పుట, పేజీ నెం. అని నాలుగు రకాలు ఉంటే అన్నీ పు. చేశాను.

తేదీలు ఇంకో కథ. ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రిక కాబట్టి దాని తేదీలు తేలికే అనుకున్నాను. నా నోట్స్‌లో 4-6-1921 అని రాసుకున్న వార్త జొటెరో పుణ్యాన "ఏప్రిల్ 6, 1921" అయింది, అమెరికా వాళ్లకు నెల ముందు కదా. ఏప్రిల్ 6 నాటికి జనం ఇంకా ఊరు వదలనే లేదు. నేను రాసిన వాక్యంలో వాళ్లు రామనగర్ పాకల్లో ఎండకు మాడుతున్నారు, కింద ఫుట్‌నోట్ చూస్తే వాళ్లింకా ఇళ్లలోనే ఉన్నారు. మేడమ్ పట్టుకోలేదు, నేనే పట్టుకున్నాను, అదీ అర్ధరాత్రి రెండింటికి. అప్పటి నుంచి నెలను అంకెతో రాయడం మానేశాను, 4 జూన్ 1921, అంతే.

ఉగాది సంచికలకైతే తేదీ ఉండదు, సంవత్సరం పేరు ఉంటుంది. దుర్మతి ఉగాది సంచిక అంటే 1921 ఏప్రిల్. కానీ ఊరికే ‘దుర్మతి’ అని ఉన్న కరపత్రం 1921దీ కావచ్చు, 1922 మొదటి మూడు నెలలదీ కావచ్చు, ఎందుకంటే మన సంవత్సరం జనవరిలో మారదు. పైగా అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది, 1861 ఒక దుర్మతి, 1981 ఒక దుర్మతి. మా అమ్మమ్మకి ఫోన్ చేసి సంవత్సరాల పేర్లు ప్రభవ నుంచి వరసగా చెప్పించుకున్నాను, ఆవిడ గడగడా చెప్పుకుంటూ పోయి రక్తాక్షి దగ్గర కాస్త తడబడి మళ్లీ అందుకుంది. ఫుట్‌నోట్‌లో "దుర్మతి [1921-22]" అని, అంటే అచ్చులో ఉన్నది ముందు, నేను లెక్కగట్టింది చదరపు బ్రాకెట్లో. ఆ బ్రాకెట్ ఆకారానికి అర్థముంది, లోపల ఉన్నది పుస్తకం చెప్పలేదు, నేను చెబుతున్నాను అని. డిసర్టేషన్ మొదలెట్టేదాకా నాకు అన్ని బ్రాకెట్లూ ఒకటే.

ఈ మధ్యలో ఇంటికెళ్లినప్పుడు వేటపాలెం సారస్వత నికేతనంలో నాలుగు రోజులు కూర్చున్నాను. 1918లో పెట్టిన లైబ్రరీ, పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, నాకేమో ఆటోలో వెళ్లేంత దూరం. హైదరాబాదులో తార్నాక ఆర్కైవ్స్, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం తిరిగి తిరిగి, ఇంటి పక్కనున్నదాన్ని చివర చూశాను. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే: కాగితం ముట్టుకోకముందే నోట్‌బుక్‌లో పై గీత మీద పత్రిక పేరు, తేదీ, పుట, కాలమ్, ఏ లైబ్రరీ, ఇవన్నీ రాసేయాలి, ఆ తర్వాతే విషయం చదవాలి. ముందు చదివితే ఆసక్తిలో పడి పేజీ తిప్పేస్తాం. పాత దినపత్రిక కాగితం తిప్పితే అంచులు రాలతాయి కాబట్టి మళ్లీ వెనక్కి తిప్పమని అడగడానికి మొహం చెల్లదు. ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిచ్చిన చోట కూడా ముందు తేదీ ఉన్న తలభాగం ఫొటో, ఆ తర్వాతే వార్త ఫొటో. తేదీ లేని అరవై ఫొటోలు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి, అందులో వార్తలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఒక్కటీ వాడుకోలేకపోయాను.

స్కాన్ పుస్తకాలతో ఇంకో చిక్కు. పీడీఎఫ్‌లో పైన కనబడే అంకె 57, పుస్తకంలో ఆ పేజీ మీద అచ్చయిన అంకె 41, ఎందుకంటే అట్ట, అంకితం, పీఠిక అన్నీ పీడీఎఫ్ లెక్కలోకి వస్తాయి. నేను మొదటి అధ్యాయమంతా పీడీఎఫ్ అంకెలు వేసి, రెండో అధ్యాయం నుంచి అచ్చు అంకెలు వేశాను. ఒకే పుస్తకం, ఒకే మాట, రెండు పుటలు. ఎడిషన్ మారినా ఇంతే, మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర మీద పని చేస్తూ, పుటలు తన దగ్గరున్న కొత్త ముద్రణవి వేసి, సంవత్సరం మాత్రం 1949 అని మొదటి ముద్రణది వేసింది. పాత పుస్తకమని చెప్పుకోవాలని దాని తాపత్రయం. ఆ పుట కోసం 1949 కాపీ తెరిచినవాడికి అక్కడ వేరే విషయం దొరుకుతుంది. నెట్‌లో ఉన్న స్కాన్ల వివరాల పేజీ నమ్మి సంవత్సరం వేయడం కూడా అంతే ప్రమాదం, అక్కడ టైపు చేసినవాళ్లు తెలుగు పేర్లను ఇంగ్లీషులో ఏ రకంగా పడితే ఆ రకంగా కొట్టారు, పుస్తకం లోపలి పేజీ తెరిచి చూడాల్సిందే.

నా రూమ్మేట్ లా కోర్సు చదువుతోంది, దాని ఫుట్‌నోట్లు చూస్తే నాకు అసూయ. గిరిజన భూముల్లో గనుల మీద వచ్చిన సమత తీర్పుకి "ఏఐఆర్ 1997 ఎస్‌సీ 3297" అని కొట్టేస్తుంది, అయిపోయింది. ఏఐఆర్ అంటే ఆల్ ఇండియా రిపోర్టర్, తీర్పులు అచ్చేసే పత్రిక. సంవత్సరం, కోర్టు, పుట, ఇక ఎవరి ఇంటిపేరుతోనూ పని లేదు. "మీ హిస్టరీ వాళ్లకి ఇంత ఎందుకే" అంటుంది. ఆ తీర్పే ఇంకో రిపోర్టులో ఎనిమిదో సంపుటి 191వ పుటలో ఉంటుందని, రెండూ వేయాలా ఒకటి చాలా అని దాని సార్లు ఇద్దరు రెండు రకాలుగా చెబుతారని తర్వాత తెలిసి కాస్త ఊరట కలిగింది.

వర్డ్ సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కితే ఫుట్‌నోట్ పుడుతుంది, నంబర్లు అదే చూసుకుంటుంది, ఆ వరకు హాయి. గౌతమి ఫాంట్‌లో వరసల మధ్య దూరం ఎక్కువ, ఇంగ్లీషు ఫుట్‌నోట్ మధ్యలో ఒక్క తెలుగు మాట పడితే ఆ వరస ఒక్కటీ ఉబ్బిపోయి కనబడుతుంది. లైన్ స్పేసింగ్‌ని ‘ఎగ్జాక్ట్లీ’ అని పెట్టి అంకె ఇస్తే సర్దుకుంటుంది, మరీ తక్కువ ఇస్తే కింద వత్తులు కోసుకుపోతాయి, ‘క్ష్మ’ లాంటివి పెట్టి పరీక్షించుకోవాలి. పుస్తకాల పేర్లు ఇటాలిక్స్‌లో పెట్టమంటుంది చికాగో. తెలుగులో ఇటాలిక్ అని అక్షరం లేదు, వర్డ్ ఉన్న అక్షరాన్నే పక్కకి తోస్తుంది, గుడులు గాలికి వంగిన కొబ్బరాకుల్లా అయిపోతాయి. తెలుగు పేర్లను ఒంటి కొటేషన్లలో, ఇంగ్లీషు పేర్లను ఇటాలిక్స్‌లో పెట్టుకున్నాం. వ్యాసం పేరుకి జంట కొటేషన్లు. ఇలా పెట్టుకున్న సొంత నియమాలన్నీ కలిపి ఒక పేజీ అయింది, దాన్ని గోడకి అంటించుకున్నాను.

అసలు దెబ్బ ‘అదే’ దగ్గర తగిలింది. ఇంగ్లీషులో ఇబిడ్ అంటారే, లాటిన్‌లో ఇబిడెమ్, ‘అక్కడే’ అని అర్థం, మన పరిశోధన గ్రంథాల్లో దానికి ‘అదే’ అనో ‘పైదే’ అనో వేస్తారు. పై ఫుట్‌నోట్‌లోని పుస్తకమే ఇక్కడా అని చెప్పడం. రాయడానికి ఎంత సుఖమో, "అదే, పు. 64", "అదే, పు. 66", చకచకా పోతుంది. మూడో అధ్యాయంలో ఒక పేరా బాగోలేదని తీసి ఐదు పేజీలు వెనక్కి పెట్టాను. వర్డ్ నంబర్లన్నీ చక్కగా సర్దింది. ‘అదే’లు మాత్రం ఎక్కడివక్కడే, తమ పైన కొత్తగా ఎవరొస్తే వాళ్లకి అంటుకుపోయాయి. కృష్ణాపత్రికలో దాని సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకీయం నుంచి తీసుకున్న మాటలు మద్రాసు ప్రభుత్వ జీవోలో ఉన్నట్టయింది, ప్రభుత్వాన్ని తిట్టిన తిట్లు ప్రభుత్వమే తనకి తాను తిట్టుకున్నట్టు. అలాంటివి పద్నాలుగు. చికాగో వాళ్లు 2017 ఎడిషన్‌లోనే ఇబిడ్ వద్దు, పొట్టి శీర్షిక వేయండి అన్నారు, అది చదివినప్పుడు నాకు వాళ్ల చాదస్తం అనిపించింది. రెండు రాత్రులు కూర్చుని ప్రతి ‘అదే’నీ తీసేసి పేరు వేశాను. మీరు తప్పనిసరిగా ‘అదే’ వాడాలంటే చివరి రోజు వాడండి, ఇక పేరాలు కదలవు అన్న తర్వాత.

డీటీపీ సెంటర్ ముచ్చట క్లుప్తంగా. క్యాంపస్ దగ్గర షాపులో అన్న పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తాడు, అక్షరాలు అందంగా వస్తాయని సీనియర్లు పంపారు. నా యూనికోడ్ ఫైలు కన్వర్టర్‌లో వేసి అందులోకి తెచ్చాడు. ఫుట్‌నోట్లన్నీ అధ్యాయం చివర ఒక కుప్పగా పడ్డాయి, పైన నంబర్లు మాయం. "పేజ్‌మేకర్‌కి ఫుట్‌నోట్లు తెలవదు మేడం, ఒక్కొక్కటి కింద చేత్తో పెట్టాలె, నోటుకు ఇంతని తీసుకుంట" అన్నాడు. 212 నోట్లు. లెక్క చెప్పేసరికి ఫైలు తీసుకుని బయటికొచ్చి, వర్డ్ నుంచే పీడీఎఫ్ చేసి అతని దగ్గరే బైండింగ్ మాత్రం చేయించాను. ఫాంట్ అందం కొంచెం తగ్గింది.

వైవా రోజు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సార్ నా డిసర్టేషన్‌ని వెనక నుంచి మొదలుపెట్టి, ముందు గ్రంథసూచి, తర్వాత పేజీల అడుగుభాగాలు మాత్రం చూసుకుంటూ వచ్చారు, పైన నేను నాలుగు నెలలు కష్టపడి రాసిన చరిత్ర వైపు చూడను కూడా చూడలేదు. టెన్షన్‌తో నా చేతులు చల్లబడ్డాయి. ఒక చోట ఆగి కళ్లద్దాలు సర్దుకున్నారు.

"147వ నోటు. పు. చుడాలి. ఇదే పుటమ్మా?"

నాకు ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమై నేల చీలిపోతే బాగుండనిపించింది. రాసేటప్పుడు పుట గుర్తులేని చోట "చూడాలి" అని పెట్టుకుంటూ పోయాను, సమర్పించే ముందు ఆ మాట కోసం వెతికి, దొరికిన పదకొండూ నింపేశాను. ఇక్కడ మాత్రం దీర్ఘం పడలేదు. ‘చూడాలి’ కోసం వెతికితే ‘చుడాలి’ దొరకదు కదా.

మేడమ్ కిటికీ వైపు చూస్తున్నారు. నేను బ్యాగులోంచి నోట్‌బుక్ తీశాను, అదృష్టం కొద్దీ వేటపాలెం తర్వాతి నోట్‌బుక్ అది, పై గీత మీద అన్నీ ఉన్నాయి. "118 సార్" అన్నాను. ఆయన ఆ పేజీ నాకేసి తిప్పి, జేబులోంచి పెన్సిల్ తీసి ఇచ్చారు. వేశాను. డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఉన్న కాపీలో ఆ పెన్సిల్ అంకె ఇప్పటికీ ఉంది. ఇంట్లో ఉన్న కాపీలో మాత్రం "పు. చుడాలి" అనే ఉంది, మా అమ్మమ్మ ఆ మధ్య చదివి, దుర్మతి దగ్గర లెక్క సరిగ్గానే ఉందంది, దీని గురించి ఏమీ అడగలేదు.